నూట పన్నెండో పేజీలో ఖాళీ బెలూన్

అక్టోబరు 6, సోమవారం

రిపోర్టు వచ్చింది. కలిసింది. మా చెల్లి చిన్నదానికి నా కిడ్నీ సరిపోతుందట.

డాక్టర్ ఆ మాట అనగానే అమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడ్చేసింది. ఆయన కాసేపు ఆగి, "అయితే ఇచ్చేది మీరేనా?" అని నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ కళ్ళు తుడుచుకుని, "అవునండీ, మా పెద్దదే. అది ఇస్తుంది" అంది. ఆయన ఫైల్లో ఏదో రాసుకున్నాడు. ఇరవై ఒకటో తేదీన స్కాన్, ఆ తర్వాత కౌన్సెలర్‌తో మాట్లాడాలి, అన్నీ బాగుంటే డిసెంబరులో ఆపరేషన్ అని చెప్పాడు. నేను తల ఊపాను. డాక్టర్లు ఏం చెప్పినా తల ఊపడం నాకు అలవాటు.

బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అమ్మ చెవికి ఫోన్ అతుక్కునే ఉంది. పిన్నికి చెప్పింది. చిన్నది పనిచేసే కళ్ళద్దాల షాపు ఓనరమ్మకి చెప్పింది. పక్క సీట్లో కూర్చున్న ముసలాయనకి కూడా చెప్పింది. ఆయన నా వైపు తిరిగి చేతులు జోడించాడు. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

అమ్మకి షుగరు, ఆమెది పనికిరాదని మొదటే తేలిపోయింది. నాన్న లేడు. ఇక మిగిలింది నేను. ఇస్తాను. ఇవ్వనని ఎవరన్నారు? చెల్లెలు కదా. అసలు ఇది రాసుకోవడానికి ఈ నోటుబుక్కు తీయాల్సిన పనే లేదు.

అక్టోబరు 7

అందరూ ఫోన్ చేసి మెచ్చుకుంటున్నారు. తలనొప్పి.

అక్టోబరు 9, గురువారం

ఆఫీసులో పోయిన వారం పెద్ద పని మొదలైంది. 'గాజు వేకువ' అనే జపాను బొమ్మల పుస్తకం, అదే మాంగా, మన భాషలో వేస్తున్నారు. మొత్తం మూడు సంపుటాలు. అక్షరాలు నింపేది నేనే.

ఎడిటర్ ఆ మాట చెప్పగానే నవ్వొచ్చింది. నాకు పదిహేడు, చిన్నదానికి పదకొండు ఉన్నప్పుడు టీవీలో వచ్చే ఆ అనిమే, అంటే కదిలే బొమ్మల సీరియల్, ఇద్దరం ఒకే దుప్పటి కింద కూర్చుని ఎన్నిసార్లు చూశామో. గడియారాలు బాగుచేసే ముసలమ్మ ఐదుగురు బడిపిల్లలకి మంత్రశక్తులు ఇస్తుంది. వాళ్ళు నీడలతో పోరాడతారు. చూడ్డానికి రిబ్బన్లూ గౌన్లూ, పిల్లల కార్యక్రమంలాగే ఉంటుంది. నాలుగో ఎపిసోడ్ నుంచి అసలు సంగతి బయటపడుతుంది: మంత్రం వాడిన కొద్దీ ఆ పిల్లలు కాళ్ళ దగ్గర్నుంచి గాజుగా మారిపోతుంటారు. తొమ్మిదో ఎపిసోడ్‌లో పసుపు గౌను పిల్ల గొంతు దాకా గాజైపోతుంది. ముసలమ్మ నీలం గౌను పిల్లని అడుగుతుంది: "నీ ఒంట్లో వెచ్చదనం సగం ఇస్తే అది బతుకుతుంది. నీకు మాత్రం ఇక జీవితాంతం చలే. ఇస్తావా?" ఆ సీను దగ్గర చిన్నది దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

అనిమేనే ముందు వచ్చింది. మాంగా దాన్ని చూసి గీసింది కాదట. గీసినావిడ చేతికి రాతప్రతి మాత్రం ఇచ్చారట, అనిమే ఇంకా తయారీలోనే ఉండగా. అంటే ఆమె ఆ సంగీతం వినలేదు, ఆ గొంతులు వినలేదు. కాగితం చూసి తనకు తోచినట్టు గీసుకుంది. ఈ రెంటికీ ఉన్న తేడాల మీద పుస్తకం చివర రెండు పేజీల వ్యాసం కావాలన్నాడు ఎడిటర్. "మీరు చిన్నప్పట్నుంచీ చూశారు కదా, మీరే రాయండి" అని నా నెత్తిన పెట్టాడు.

ఫైళ్ళు ఎప్పటిలాగే వచ్చాయి. మాటలన్నీ చెరిపేసి, పాత్రల నోటి దగ్గర మాటలు రాసే బెలూన్లన్నీ తెల్లగా. మాకు అనువాదాలు చేసే మాస్టారు పంపిన ప్రతి పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ నింపుకుంటూ పోవడమే. ఇవాళ్టికి నూట ఇరవై పేజీల దాకా అయ్యాయి. నూట పన్నెండో పేజీలో ఒక బెలూన్‌కి మాస్టారు ఏమీ రాయలేదు. ముసలమ్మ "ఇస్తావా?" అన్నాక నీలం పిల్ల నోటి దగ్గర బెలూన్. పాపం పెద్దాయన, కళ్ళు ఆననట్టున్నాయి, వదిలేశాడు. అనిమేలో ఆ మాట నాకు కంఠస్థమే కాబట్టి "ఇస్తాను" అని పెట్టేసి ముందుకు పోయాను.

దాని తర్వాత ఐదు పేజీలు ఒక్క మాట లేదు. ఆ పిల్ల ఇంటికెళ్తుంది, మేజోళ్ళు ఉతుక్కుంటుంది, మెట్ల మీద కూర్చుంటుంది. ఇస్తానని చెప్పేశాక ఈ సాగదీత ఎందుకో. అనిమేలో ఇదేమీ లేదు.

అక్టోబరు 10, శుక్రవారం

డయాలసిస్‌కి చిన్నదాన్ని నేనే తీసుకెళ్ళాను. సోమ, బుధ, శుక్రవారాలు, నాలుగేసి గంటలు. అది కుర్చీలో వెనక్కి వాలి, చేతికి గొట్టాలు పెట్టించుకుని, ఇంకో చేత్తో చక్కెర లేని బిస్కెట్ తింటూ నాతో వాదన వేసుకుంది.

"అక్కా, మాంగాలో ఏముందే? నలుపూ తెలుపూ. ఆ సీన్‌లో పాట లేకపోతే సగం పోయినట్టే."

"మాంగాలో మనం ఆగచ్చు. ఒక్కో బొమ్మ దగ్గర ఎంతసేపైనా."

"ఆగి ఏం చేస్తావు? హోటల్లో మెనూ పట్టుకుని కూర్చున్నట్టు కూర్చుంటావు. వెయిటర్ మూడుసార్లు వచ్చి పోతాడు."

పక్క కుర్చీలో పేషెంటు కూడా నవ్వింది. నేనేం తక్కువ తిన్నానా, "నువ్వు మెనూ చూడకుండా ఆర్డరు చెప్పి, వచ్చాక నా ప్లేటు లాక్కుంటావు" అన్నాను. అది కూడా నవ్వింది. కానీ ఆ మాట అన్నాక నాకే ఏదోలా అయింది. ఎందుకన్నానా అని దారంతా అనుకున్నాను.

రిపోర్టు గురించి చిన్నది ఒక్క మాట ఎత్తలేదు. మొహమాటం కాబోలు. నేనూ ఎత్తలేదు. దాని కాళ్ళు బాగా వాచాయి. చెప్పులు వేసుకోవడం కుదరక నాన్న పాత చెప్పులు వేసుకొస్తోంది.

అక్టోబరు 13

ఆఫీసుకి వెళ్ళాను. వచ్చాను. బాగానే ఉన్నాను.

అక్టోబరు 15, బుధవారం

రక్తపరీక్షలు ఇంకో తొమ్మిది అయ్యాయి. అన్నీ బాగున్నాయట. ఒక్కటైనా బాగాలేకపోతే బాగుండునని కాదు. అలా అనుకోలేదు. రిపోర్టు చదువుతున్నప్పుడు నర్సు ఒక లైను దగ్గర ఆగింది, అంతే. అప్పుడు నా గుండె ఎందుకంత గట్టిగా కొట్టుకుందో తెలియదు.

పిన్ని వచ్చింది. నా బుగ్గలు పట్టుకుని, "నువ్వు మనిషివి కాదే, దేవతవి" అంది. దేవతలకి కత్తిగాట్లు పడవు కాబోలు. "ఆపరేషన్ అయిన మూడో రోజు లేచి నడుస్తారట, ఇప్పుడంతా చిన్న రంధ్రాలతో చేసేస్తున్నారట" అని కూడా చెప్పింది. వీళ్ళందరూ డాక్టరు కోర్సు ఎప్పుడు చదివారో నాకైతే తెలియదు.

వ్యాసం మొదలుపెట్టాను. "అనిమేలో కథ మనల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. మాంగాలో పేజీ మనమే తిప్పాలి." ఇంతవరకు బాగుంది. "తొమ్మిదో ఎపిసోడ్‌లో ముసలమ్మ ప్రశ్న పూర్తవకముందే నీలం పిల్ల జవాబిస్తుంది." గడియారం పెట్టి చూశాను, రెండు సెకన్లు కూడా లేదు. వయొలిన్లు అందుకుంటాయి, చుట్టూ వెలుగు. ఆ రెండు సెకన్లు ఇవాళ పదకొండుసార్లు చూశాను. వ్యాసం కోసమే. ఎంత చూసినా ఆ పిల్ల ముఖంలో భయం కనబడదు. గీసినవాళ్ళు మర్చిపోయారా, లేక ఆ పిల్లకి నిజంగానే లేదా?

నాకు భయంగా ఉంది. రాశాను, ఇదిగో. నాన్నది హెర్నియా. చిన్న ఆపరేషనన్నారు. లోపలికి తీసుకెళ్తుంటే "గంటలో వచ్చేస్తాను, సీటు ఉంచండి" అని జోకేశాడు. మళ్ళీ రాలేదు. మత్తు మందు పడలేదన్నారు. ఆరేళ్ళయింది, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు అసలే మాట్లాడరు.

అయినా నేను సరే అన్నాను కదా. ఇక భయం గురించి రాసి లాభమేముంది.

అక్టోబరు 21, మంగళవారం

స్కాన్‌కి వెళ్ళాను. అంటే ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. ఉదయం నుంచీ ఏమీ తినకూడదన్నారు, తినలేదు. గేటు పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఎనిమిదిన్నర నుంచి పది దాకా కూర్చున్నాను. ఎదురుగా ఒక తోటమాలి నీళ్ళ పైపుతో కుండీలన్నీ తడిపి, మళ్ళీ మొదటి కుండీ దగ్గరికి వచ్చాడు. "ఎవరి కోసమైనా చూస్తున్నారా?" అనడిగాడు. అవునన్నాను. లేచి బయటికొచ్చి బన్నూ టీ తీసుకున్నాను.

ఇంట్లో స్కాన్ మెషీన్ పాడైందని చెప్పాను. అమ్మ ఆసుపత్రివాళ్ళని తిట్టింది. అన్ని వేలు గుంజుతారు, మెషీన్ బాగుచేయించుకోలేరా అంది. చిన్నది ఏమీ అనలేదు. నా పెదవి మీద ఏదో అంటుకుందని మాత్రం అంది. బన్ను పొడి.

అక్టోబరు 22

ఒకవేళ మెషీన్ నిజంగానే పాడైందేమో. నేను లోపలికి వెళ్ళి చూడలేదు కదా.

అక్టోబరు 24, శుక్రవారం

చిన్నదానికి డయాలసిస్ మధ్యలో రక్తపోటు పడిపోయింది. కళ్ళు తేలేసింది. నర్సులు పరుగెత్తుకొచ్చి కుర్చీ వెనక్కి వంచి ఏదో ఎక్కించారు. పది నిమిషాల్లో తేరుకుని, "పాట ఎవరు ఆపేశారు?" అంది. ఏ పాటో తెలియదు, అక్కడ పాటలు లేవు. నర్సు నన్ను పక్కకి పిలిచి, "ఎక్కువ ఆలస్యం చేయకండి, ఈ అమ్మాయి గుండె మీద పడుతోంది" అంది.

మనిషి ఎంత రాయిలా ఉండగలదో నన్ను చూస్తే తెలుస్తుంది. ఆ మాట విన్నాక కూడా స్కాన్‌కి ఫోన్ చెయ్యలేదు. సోమవారం చేస్తాను.

అక్టోబరు 27

పని ఎక్కువ.

నవంబరు 3, సోమవారం

పుస్తకాలు వచ్చాయి. మొదటి సంపుటం, రెండు వేల కాపీలు. కొత్త కాగితం వాసన. వ్యాసం రాసి ఇవ్వలేకపోయాను, దాని బదులు ఎడిటరే ఏదో అతికించి వేశాడు. ఒక కాపీ ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను, చిన్నదాని కోసం.

సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. రిటైరైన భాష మాస్టారు, ఇప్పుడు మాకు అనువాదాలు చేస్తారు. ఎప్పుడూ కోప్పడరు. ఇవాళ గొంతు వేరేగా ఉంది.

"అమ్మాయీ, నూట పన్నెండో పేజీలో 'ఇస్తాను' అని పడింది. ఆ మాట నేను రాయలేదు కదా."

"మీరు మర్చిపోయారనుకున్నాను మాస్టారూ. బెలూన్ ఖాళీగా ఉంటే..."

"అది అసలు పుస్తకంలోనే ఖాళీ. ప్రింటు కాపీ నా ముందే ఉంది. గీసినావిడ కావాలనే అలా వదిలేసింది."

మాకొచ్చే ఫైళ్ళలో అన్ని బెలూన్లూ ఖాళీయే. వాటిలో ఒకటి పుట్టుకతోనే ఖాళీ అని నాకెలా తెలుస్తుంది? ఆ మాటే ఆయనతో అన్నాను, కాస్త పెడసరంగానే. ఆయన విన్నారు.

"నిజమే, నేను పక్కన ఒక ముక్క రాసి ఉండాల్సింది. కానీ చూడమ్మా, ఆ పిల్లకి జవాబు ఇంకా తోచలేదు. నోరు తెరిచింది, మాట రాలేదు. అందుకే తర్వాత ఐదు పేజీలు అలా తిరుగుతుంది. నువ్వు అక్కడే చెప్పించేస్తే ఆ ఐదు పేజీలూ ఎందుకు?"

ఫోన్ పెట్టేశాక ఆ ఐదు పేజీలూ తీసి చూశాను. మేజోళ్ళు ఉతికేటప్పుడు ఆ పిల్ల చేతులు వణుకుతున్నట్టు గీసిందావిడ, సన్నటి గీతలతో. నేను ఒక్కో పేజీని వందసార్లు చూసే మనిషిని, అది గమనించలేదు. సాగదీత అనుకున్నాను.

చెప్పని మాట ఆ పిల్ల నోట్లో పెట్టాను. పెట్టి, పని పూర్తయిందనుకుని ముందుకు పోయాను. ఆ రోజు డాక్టరు గదిలో అమ్మ కూడా...

ఇవాళ్టికి చాలు.

నవంబరు 4, మంగళవారం

ఎడిటర్‌తో గొడవ పడ్డాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

తప్పొప్పుల చీటీ వేసి ప్రతి కాపీలో పెట్టాలన్నాను. ఆయన నవ్వాడు. "అనిమే చూసినవాళ్ళకి ఆ మాట అక్కడ ఉంటేనే తృప్తి. ఎవరూ అడగరు, వదిలెయ్యండి. అయినా ఎలాగూ ఆ పిల్ల ఇస్తుంది కదా, ఐదు పేజీలు ముందు చెబితే ఏం పోయింది?"

ఒళ్ళు మండింది. "ఇస్తుందో లేదో అప్పటికి ఆ పిల్లకే తెలియదండీ. మీకెలా తెలుసు?" అన్నాను. గొంతు లేచింది కాబోలు, బయట గదిలో టైపింగ్ ఆగిపోయింది. ఆయన నన్ను వింతగా చూశాడు. మీకేమైందన్నాడు. తప్పు నాది, దిద్దుకోనివ్వండి అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు, చీటీలు నా చేత్తో నేనే పెట్టుకోవాలన్న షరతు మీద.

మధ్యాహ్నం నుంచి బైండింగ్ గదిలో కూర్చుని చీటీలు పెడుతున్నాను. "నూట పన్నెండో పేజీలో బెలూన్ ఖాళీగా ఉండాలి." ఇంతే. అక్కడ పనిచేసే పెద్దావిడ నాకు సాయం వచ్చింది. ఆమెకి చదువు రాదు.

"ఇంత చిన్న కాగితానికి ఇంత పనా? ఏం తప్పు పడిందమ్మా?"

"ఒక పిల్ల అనని మాట అన్నట్టు పడింది."

"అయ్యో. అది తప్పే మరి" అని ఆమె చేతుల వేగం పెంచింది.

నవంబరు 5, బుధవారం

ఆసుపత్రి నుంచి ఇంటికే ఫోన్ చేశారు. ఇరవై ఒకటో తేదీన ఎందుకు రాలేదని.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"మెషీన్ ఎప్పుడూ పాడవలేదట."

ఇక దాచి లాభం లేదనిపించింది. "నేను సరే అనలేదమ్మా" అన్నాను.

"ఏమిటి?"

"డాక్టరు అడిగితే నువ్వు చెప్పావు. నేను చెప్పలేదు. నువ్వు కూడా నన్ను అడగలేదు. ఒక్కసారి కూడా."

కత్తి ఆగింది. వెనక్కి తిరక్కుండానే నెమ్మదిగా అంది.

"కావాలనే అడగలేదు. అడిగాక నువ్వు కాదన్నావనుకో, నేనేం చెయ్యాలి చెప్పు? నిన్ను తిట్టలేను. దాని ముఖం చూడలేను. అడక్కపోతే ఇద్దరూ నాకుంటారనుకున్నాను."

"నాన్న గుర్తొస్తున్నాడు."

"నాకు రాడనుకున్నావా? నీ పేరు చెప్పి వచ్చిన రోజు నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఒక కూతురి కోసం ఇంకో కూతుర్ని ఆ తలుపు లోపలికి నేనే నెడుతున్నాను."

తర్వాత మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ పూట వంటకి అక్కర్లేనన్ని ఉల్లిపాయలు తరిగింది. నా కోపం పోలేదు. ఆమె మీద జాలి వేసింది, అయినా పోలేదు. రెండూ ఒకేసారి ఉండవని ఎవరన్నారో గానీ, వాళ్ళకి అమ్మ లేదేమో.

పక్క గది తలుపు ఓరగా తెరిచి ఉంది. చిన్నది లోపలే ఉంది.

నవంబరు 7, శుక్రవారం

వివరంగా రాస్తాను, ఒక్క మాట పోకుండా.

డయాలసిస్‌కి వెళ్ళే దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. గొట్టాలు పెట్టి నర్సు వెళ్ళిపోయాక చిన్నది సంచీలోంచి పుస్తకం తీసింది. నేను సోమవారం ఇంటికి తెచ్చిన కాపీ, చీటీ లేనిది. నూట పన్నెండో పేజీ తెరిచి నా ఒళ్ళో పెట్టింది.

"చూశావా? మాంగాలో కూడా వెంటనే చెప్పేసింది. అనవసరంగా నాతో వాదించావు."

"ఆ మాట నేను పెట్టింది" అన్నాను.

"అంటే?"

"అసలు పుస్తకంలో అక్కడ ఏమీ లేదు. పొరపాటున నేనే నింపాను. ఆ పిల్ల ఏమీ అనలేదు."

చిన్నది పుస్తకం వెనక్కి తీసుకుని ఆ బొమ్మని చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఐదు పేజీలూ ఒక్కొక్కటీ తిప్పింది. మెషీన్ చప్పుడు చేస్తోంది. నేను దాని చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను.

"మొన్న విన్నాను, నువ్వూ అమ్మా మాట్లాడుకున్నది" అంది. "అంతకుముందే తెలుసులే. స్కాన్ ఉన్న రోజు బన్ను తిని వచ్చేవాళ్ళు ఉంటారా?"

"మరి ఎందుకడగలేదు?"

"ఎవర్ని?"

"నన్ను. ఎందుకు వెళ్ళలేదని."

అది పుస్తకం మూసింది. నా వైపు తిరగడానికి గొట్టాలు అడ్డమొచ్చాయి, మెడ మాత్రం తిప్పింది. కళ్ళ కింద ఉబ్బు, పెదవులు పగిలిపోయి ఉన్నాయి. ఇరవై అయిదేళ్ళ పిల్లలా లేదు.

"సిగ్గేసింది. నాకు కావాలని అడగడానికి సిగ్గేసి, అమ్మని మాట్లాడనిచ్చి, నేను బొమ్మల గురించి వాదించుకుంటూ కూర్చున్నాను. నువ్వే నా కోసం చచ్చిపోతానన్నట్టు ముందుకొస్తావనీ, నేను వద్దు వద్దంటూ తీసుకోవచ్చనీ అనుకున్నాను. అనిమేలోలాగా. పసుపు పిల్ల నిద్రపోతుంటే అన్నీ అయిపోతాయి చూడు, ఎంత హాయి దానికి."

అది ఊపిరి తీసుకుంది.

"అక్కా. నాకు నీ కిడ్నీ కావాలి. నేనే అడుగుతున్నాను. ఇస్తావా?"

"భయంగా ఉందే."

"భయమా అని అడగలేదు. భయం నాకూ ఉంది, నీ దాంట్లో సగం నాది. ఇస్తావా అని అడిగాను."

నోరు పెగల్లేదు. అది ఎదురుచూసింది. చిన్నది ఏ విషయానికైనా అంతసేపు ఎదురుచూడటం నేనెప్పుడూ చూడలేదు. చివరికి అదే మాట్లాడింది.

"ఇప్పుడే చెప్పక్కర్లేదు. కాదంటే మాత్రం నాతోనే చెప్పు. అమ్మ సంగతి నేను చూసుకుంటాను. కానీ ముందే చెబుతున్నాను, కాదంటే నాకు కోపమొస్తుంది. అర్థం చేసుకున్నానని నవ్వుతూ అబద్ధం చెప్పను. ఓ ఏడాది నీతో మాట్లాడను. ఆ తర్వాత మాట్లాడతానేమో, అప్పటికి ఉంటే."

నాకు ఏడుపొచ్చింది. దానికీ వచ్చింది. గొట్టాలున్న చెయ్యి కదపకూడదు కాబట్టి దాని ముక్కు నేనే తుడిచాను. గట్టిగా తుడవకే, పెచ్చులు లేస్తున్నాయని కసిరింది.

నవంబరు 8

చీటీలు అయిపోయాయి. రెండు వేలు.

నవంబరు 9, ఆదివారం

రోజంతా ఇంట్లోనే ఉన్నాను. బట్టలు ఉతికాను, బీరువా సర్దాను. అమ్మ నా చుట్టూ తిరిగింది గానీ ఏమీ అడగలేదు. అడగడానికి నోరు తెరిచి మూసుకుంది, రెండుసార్లు చూశాను. చిన్నది దాని గదిలో రేడియో పెట్టుకుంది.

కాదనడానికి నా దగ్గర కారణాలు బోలెడున్నాయి. రాసుకుందామని కూర్చున్నాను. నాన్న అని రాశాను. కింద ఇంకేదీ రాయబుద్ధి కాలేదు. ఇస్తాననడానికి కారణాలు రాద్దామనుకున్నాను. అది కూడా రాలేదు. దానికి పదకొండేళ్ళప్పుడు దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చిన ముఖమే కళ్ళ ముందు. ఆ సీను చూసినన్నిసార్లూ నేను టీవీ చూడలేదు, దాన్నే చూశాను. ఇవాళే తెలిసింది.

నవంబరు 11, మంగళవారం

కౌన్సెలర్‌ని కలిశాను. స్కాన్ కన్నా ముందే మాట్లాడాలని నేనే ఫోన్ చేసి రోజు అడిగాను. అమ్మ నాతో వచ్చింది, కౌన్సెలర్ అమ్మని బయట కూర్చోబెట్టి తలుపు వేసింది.

నా వయసు మనిషే. బల్ల మీద నీళ్ళ గ్లాసు, టిష్యూ డబ్బా, నా ఫైలు. ఆపరేషన్ ఎలా చేస్తారో, ఎన్ని రోజులు పడుతుందో, ఏమేం తేడా చేయవచ్చో ఒక్కటీ దాచకుండా చెప్పింది. వేలల్లో ఒకరు ప్రాణం పోగొట్టుకుంటారని కూడా చెప్పింది. నాన్న సంగతి చెప్పాను. ఆయనకి పడని మత్తుమందు ఏదో కనుక్కుంటామని రాసుకుంది. ఆరేళ్ళలో ఆ సంగతి గురించి ఒక మనిషి ఏదైనా రాసుకోవడం ఇదే మొదలు.

తర్వాత ఫైలు పక్కకి జరిపి అంది. "మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడు చెప్పండి. పరీక్షల్లో సరిపడలేదని మీ ఇంట్లో మేమే చెబుతాం. అసలు కారణం ఈ గది దాటి పోదు. మీ చెల్లెలికి కూడా తెలియదు."

పది రోజుల క్రితం ఈ మాట విని ఉంటే ఆవిడ చేతులు పట్టుకునేదాన్ని. ఎవరికీ కోపం రాదు. అమ్మ నన్ను ఓదారుస్తుంది కూడా, పాపం ఇద్దామనుకుంది, కుదరలేదని. పిన్ని నన్ను దేవతనే అంటుంది. అంత సుఖమైన దారి నా ఎదురుగా ఉంది. చాలాసేపు దాని వైపే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. గోడ అవతల అమ్మ ఎవరికో దారి చెబుతోంది, ఎక్స్‌రే గది ఎటో.

భయం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. ఇక తగ్గదని అర్థమైంది.

"చేయించుకుంటాను" అన్నాను.

ఆవిడ కలం తీసుకుంది. "ఈ నిర్ణయానికి మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?"

లేదనాలి. అందరూ లేదనే అంటారు కాబోలు, ఆవిడ చెయ్యి అప్పటికే రాయడానికి వంగింది.

"చేశారు" అన్నాను.

కలం ఆగింది.

"అందరూ చేశారు. అడిగింది మాత్రం మా చెల్లెలొక్కతే."

ఆవిడ నేనన్న మాట నేనన్నట్టే రాసుకుని, నాకు చదివి వినిపించింది. సరిగ్గానే ఉందని సంతకం పెట్టాను.